గౌరన్న మోకాలెక్కిన కోడి

నువ్వులాడే గానుగ పక్కన ఓ కొట్టం. అందులో గౌరన్న అనే ఎద్దు, చుక్కమ్మ అనే కోడిపెట్ట, చాకిరేవు పని మానేసిన ముసలి గాడిద నీలక్క ఉండేవారు. గౌరన్న పగలంతా గానుగ తిప్పి, రాత్రి కోళ్ళగూటి తలుపుకి వీపానించి పడుకునేవాడు. ఆ వీపు దాటి గూట్లోకి దూరడం నక్క తాత తరం కూడా కాలేదు.

ఏళ్ళ తరబడి ఒకేవైపు తిరిగి తిరిగి గౌరన్న వెనకకాలి మోకాలు అరిగింది. దానికితోడు నూనె తీయగా మిగిలే తెలగపిండి రుచి మరిగాడు. కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు గానీ, మనవాడు తిని తిని తనే కొండంతయ్యాడు. ఆ బరువంతా మోసింది పాపం ఆ మోకాలే.

ఓ పొద్దున అతను కుంటడం చూసి దడి అవతల నుంచి నక్క పలకరించింది.

“ఏం బావా, కాలీడుస్తున్నావ్? చూడలేక ప్రాణం ఉసూరుమంటోంది.”

“మోకాలు పట్టేసింది బావా. మందేమైనా తెలుసా?”

“తెలియకేం! కోళ్ళపెంట వేడి మోకాల్లోకి దిగింది. ఆ చివరి మూలకి పో. కాలు కదిపావో, కీలు ఊడుతుంది. మేత అక్కడికే వస్తుంది, హాయిగా పడుకో.”

హాయిగా పడుకోమన్న వైద్యుడు ఎవరికి చేదు? గౌరన్న మూలకి చేరి, మేతకి నోరు తప్ప ఇంకేదీ కదపలేదు. కొన్నాళ్ళకి లేద్దామని చూస్తే మోకాలు కొయ్యలా బిగుసుకుంది. గానుగ యజమాని కనకయ్య తల గోక్కుని, “ఇది ఇక లేవదు. వచ్చే సంతకి తోలేద్దాం” అన్నాడు. ఆ రాత్రే నక్క గూట్లో దూరింది. గూట్లోని కోడిపుంజు తన తోకని దాని నోట్లో వదిలేసి ఎలాగో బయటపడ్డాడు.

చుక్కమ్మ ఏడుస్తూ వచ్చింది. “మామా, నువ్వు తలుపు దగ్గర లేకపోతే మేం బతకం. నిన్ను సంతకి తోలేస్తే నేనెలాగూ బతకను!”

గౌరన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నీలక్క మాత్రం కసిరింది. “బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడితే నమ్మేశావట్రా తమ్ముడూ! మూటలు మోసిన మోకాళ్ళు నావి, ఈ బాధ పడ్డదాన్ని. నీది అరుగుదల. పైన బరువు. కదలక ఇప్పుడు బిగుసుకుంది కూడా. కాపడం పెట్టాలి, కాలు మెల్లగా చాచి ముడవాలి, తెలగపిండి తగ్గించాలి.”

“తెలగపిండి కూడానా అక్కా?”

“ముందు అదే!”

“మరి కాపడం ఎవరు పెడతారు?”

చుక్కమ్మ వెళ్ళి, గుడ్లు పొదిగినట్టు అతని మోకాలి మీద కూర్చుంది.

అప్పట్నుంచి రోజూ అదే పని. మోకాలు వెచ్చబడ్డాక చుక్కమ్మ దిగేది, నీలక్క “చాచు... ఆపు... ముడువు” అనేది. గౌరన్న మొదట్లో లబోదిబోమన్నాడు. తర్వాత లేచి, గోడవారగా నాలుగడుగులు వేశాడు. నీలక్క మురిసిపోయింది గానీ పైకి మాత్రం, “ఆ నక్క వస్తే ఇంకా మూలుగుతూనే ఉండు” అని హెచ్చరించింది.

గానుగవాళ్ళు అన్నాలకి పోయిన వేళ నక్క రానే వచ్చింది. మూలలో ఎద్దు, దాని మోకాలి మీద బలిసిన పెట్ట. నోరూరింది.

“ఎలా ఉంది బావా?”

“అమ్మో, కదల్లేను బావా!”

“కదలకు, కదలకు. నీ మోకాలి మీద బరువు నేను తీసేస్తాగా!” అంటూ దగ్గరికొచ్చింది.

నక్క అంత దగ్గరికొచ్చినా చుక్కమ్మ కదల్లేదు.

“చాచు!” అని అరిచింది నీలక్క.

చుక్కమ్మ ఎగిరింది. గౌరన్న కాలు బారుగా చాచాడు. నక్క దడి మీదుగా వెళ్ళి అవతల పడింది.

“అబ్బా, నా మోకాలు!”

నీలక్క దడి మీంచి తొంగిచూసింది. “అయ్యో అల్లుడూ, నీది కొత్త దెబ్బ. కాపడం పెట్టకు. చన్నీళ్ళగుడ్డ చుట్టి, కాలు ఎత్తు మీద పెట్టుకుని, కొన్నాళ్ళు కదలకుండా పడుకో. మావాడికి నువ్వు చెప్పిన వైద్యం నీకే సరిపోయింది!”

లేచి నిలబడ్డ ఎద్దుని చూసి కనకయ్య సంత మాట మానేశాడు. గానుగకి రోజుకి ఒక్క పూటే కడుతున్నాడు. గౌరన్న మళ్ళీ గూటి తలుపు దగ్గరే పడుకుంటున్నాడు.

“నొప్పి తగ్గిందిగా, ఇక దిగవే” అంటాడు.

“అలవాటైపోయింది మామా” అంటుంది చుక్కమ్మ, ఇంకాస్త సర్దుకుని.

మందు చెప్పేవాడి మాట వినేముందు, వాడి ఆకలి దేనిమీదుందో చూడు.