అవుననడు, కాదనడు

ఒకానొక రాజ్యంలో పడవ కదలాలంటే ముందు అధికారి కదలాలి. కొత్త పడవను రేవు అధికారి స్వయంగా వచ్చి చూడాలి. బాగుంటే ముద్ర వేయాలి, బాగోకపోతే వేయనని చెప్పాలి. ముద్ర లేని పడవను నీళ్ళలో దించితే రాజభటులు లాక్కుపోతారు.

చట్టం మంచిదే. నాసిరకం పడవలు మునిగి జనం పోయాక పెట్టినది. చిక్కల్లా రేవు అధికారి త్రిపురారితోనే. తను ముద్ర వేసిన పడవ మునిగితే ఉద్యోగం పోతుంది. వేయనంటే పడవవాళ్ళు రాజుగారికి మొరపెట్టుకుంటారు. ఏమీ చేయకపోతే మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఈ సంగతి కనిపెట్టిన రోజు నుంచి త్రిపురారి రేవుకు వెళ్ళడం మానేశాడు. ఎవరడిగినా "పరిశీలనలో ఉంది" అనేవాడు. కాస్త ఒళ్ళు కూడా చేశాడు.

నూకాలు పడవ అలా ఒడ్డునే ఉండిపోయింది. చెవుల కమ్మలతో సహా ఉన్నదంతా అమ్మి కట్టించుకున్న పడవ అది. నీళ్ళలో ఉండాల్సిన చెక్క ఎండలో ఉంటే అతుకులు విచ్చుకుంటాయి. అందుకని ఆమె ఏటిలోంచి కుండతో నీళ్ళు మోసుకొచ్చి పడవను తడిపేది, తడి గోనెలు కప్పేది, మళ్ళీ ఏటికి పరుగెత్తేది. నిండా పారే ఏటి పక్కన పడవకు నీళ్ళు పోస్తున్న మనిషిని చూసి దారినపోయేవాళ్ళు నవ్వేవారు. ఆమెకు నవ్వే తీరిక లేదు. వానాకాలం ముంచుకొస్తోంది. ఏడాదంతా తినేది ఆ నాలుగు నెలల సంపాదనే.

చివరికి ఓ ఉదయం తడి చీరతోనే సభకు వచ్చింది.

"మారాజా! త్రిపురారి బాబుగారిని ఒక్కసారి వచ్చి నా పడవ చూడమనండి."

కీర్తిధ్వజ మహారాజు మీసం సవరించుకున్నాడు. ఆయన బిరుదులు చదవడానికే సభలో ఇద్దరు మనుషులుండేవారు. ఒకరికి గొంతు పోతే రెండోవాడు అందుకునేవాడు.

"ముద్ర వేయనన్నాడా?"

"అనలేదు బాబూ."

"వేస్తానన్నాడా?"

"అదీ అనలేదు."

"మరి నీకు జరిగిన అన్యాయమేమిటి? కాదన్నవాడి మీద ఫిర్యాదు ఉంటుంది గాని, కాదననివాడి మీద ఏముంటుంది?"

"ముద్ర వేయమని అడగట్లేదు మారాజా. చూడమంటున్నాను. చూసి అవునో కాదో ఏదో ఒకటి చెప్పమంటున్నాను. కాదంటే బాగుచేసుకుంటాను. ఏదీ చెప్పకపోతే నేనేం చెయ్యను? అక్కడ పడవ ఎండిపోతోంది."

"అతను నేను ఏరి నియమించిన అధికారి! అతన్ని తొందరపెట్టడమంటే నా ఎంపికను శంకించడమే. ఎప్పుడు తోస్తే అప్పుడు చూస్తాడు. ఇక వెళ్ళు."

సభ "ఆహా" అంది. త్రిపురారి వినయంగా తల వంచాడు. భటుడొకడు నూకాలు భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె విదిలించుకుంది.

"నడవడానికి నాకెవరి ముద్రా అక్కర్లేదులే" అని వెళ్ళిపోయింది.

సభలో ఓ పక్కన మాచన నిలబడి ఇదంతా విన్నాడు. మాచన ఆరగింపు అధికారి. రాజుగారి పళ్ళెంలో ప్రతి పదార్థమూ ముందు తను రుచి చూసి, విషం లేదని చెప్పాలి. అతను చెప్పేదాకా రాజు ముద్ద ఎత్తకూడదు. రాజు ఎత్తేదాకా పంక్తిలో ఎవరూ ఎత్తకూడదు. రాజుగారి తాత విషం తిని పోయినప్పటి నుంచి ఉన్న నియమం అది. ఎన్ని బిరుదులున్నా కీర్తిధ్వజుడు ఆ ఒక్క నియమాన్ని దాటే ధైర్యం మాత్రం చేయలేదు.

మధ్యాహ్నం భోజనశాలలో విస్తళ్ళు పరిచారు. ఆ రోజు త్రిపురారికి కూడా పంక్తిలో చోటు దొరికింది. కిటికీలోంచి ఏరు కనిపిస్తోంది. ఒడ్డున నూకాలు కుండతో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

వేడి అన్నం, పప్పు, పనసపొట్టు కూర, పులుసు వచ్చాయి. బిరుదులు చదవడం ముగిసింది.

"ఊఁ, కానీ మాచనా" అన్నాడు రాజు.

"పరిశీలనలో ఉంది ప్రభూ" అని మాచన చేతులు కట్టుకున్నాడు.

రాజు పళ్ళెం వైపు చూశాడు. అప్పడాలు మెత్తబడుతున్నాయి.

"ఏమిటిది? రుచి చూడవా?"

"చూడనని అనలేదే ప్రభూ."

"అయితే చూస్తావా?"

"అదీ అనలేదు."

ఈ మాటలు ఎక్కడో విన్నట్టు త్రిపురారికి అనిపించింది. ఆకలి మీద గుర్తురాలేదు.

రాజు కూర్చున్నచోటే అటూ ఇటూ కదిలాడు. పళ్ళెం ముందుకు లాక్కున్నాడు, వెనక్కి తోశాడు. పప్పు మీద నెయ్యి పేరుకుంటోంది. పంక్తిలో ఎవరిదో కడుపు గట్టిగా మూలిగింది.

"నీ తల తీయిస్తాను!"

"చిత్తం. కాని నన్ను ఏరి నియమించింది తమరే. తొందరపెడితే తమ ఎంపికను శంకించినట్టవుతుందేమోనని నా భయం."

రాజు ముఖం పాలిపోయింది. "ఒరే, నిజం చెప్పు. విషం ఉందా?"

"ఉందని అన్నానా ప్రభూ?"

"ఉంటే ఉందను, లేకపోతే లేదను! విషమంటావో అమృతమంటావో నీ ఇష్టం. ముందు ఆ గరిటె నోట్లో పెట్టుకుని ఏదో ఒకటి చెప్పి చావు!"

మాచన మరుక్షణమే గరిటె అందుకున్నాడు. అన్నీ రుచి చూశాడు.

"విషం లేదు. పులుసులో ఉప్పు తగ్గింది. ఆరగించండి" అన్నాడు. తర్వాత కిటికీ వైపు చూపించాడు. "ఆమె పొద్దున అడిగిందీ ఇదే ప్రభూ. తమరంత గట్టిగా అరవలేదు, అంతే."

రాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏటి ఒడ్డు వైపు చూశాడు. తర్వాత పంక్తి వైపు తిరిగాడు. త్రిపురారి అప్పటికే పప్పు కలిపేస్తున్నాడు.

"లే" అన్నాడు రాజు.

"ప్రభూ, భోజనం..."

"నీ విస్తరి ఎక్కడికీ పోదు. వెళ్ళి ఆ పడవ చూడు."

"చూసి ఏమని చెప్పమంటారు? ముద్ర వేయనా, వద్దా?"

రాజు నోరు తెరిచాడు. మాచన దగ్గాడు. రాజు ఒక్క క్షణం ఆలోచించాడు.

"అది నీ పని. నీ కళ్ళతో చూసి నువ్వే చెప్పు. చెప్పకుండా మాత్రం తిరిగి రాకు."

త్రిపురారి పప్పు అంటిన చెయ్యి కడుక్కుని ఎండలో పడి వెళ్ళాడు. అలవాటు తప్పింది గాని పని మరిచిపోలేదు. వంగి, ప్రతి చెక్కా తట్టి చూశాడు.

"ఎడమవైపు అడుగున అతుకు విచ్చింది. ఇలాగైతే ముద్ర వేయను" అన్నాడు. తిడుతుందనుకుని ఓ అడుగు వెనక్కి వేశాడు.

"ఇంతేనా బాబూ?" అంది నూకాలు. "ఈ ముక్క ఆనాడే చెబితే ఆనాడే నార కూరి గుగ్గిలం పోసుకునేదాన్ని కదా!" అప్పటికే గోనెలు లాగేస్తోంది.

అతుకు పూడ్చాక త్రిపురారి పిలవకుండానే వచ్చి మళ్ళీ చూశాడు, ముద్ర వేశాడు. తొలివాన పడేనాటికి పడవ ఏటి మధ్యలో ఉంది.

ఆ పడవను కిటికీలోంచి చూస్తూ రాజు భోజనానికి కూర్చున్నాడు.

"మాచనా, ఆ రోజు నన్ను మాడ్చినందుకు నీకు బంగారు కడియం ఇస్తున్నాను" అని కోశాధికారి వైపు చూశాడు.

కోశాధికారి లేచి నమస్కరించాడు. "చిత్తం ప్రభూ. పరిశీలిస్తాను."

మాచన ఎత్తిన గరిటెను మెల్లగా కింద పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"ఒరే, పరుగెత్తరా!" అని రాజు కోశాధికారి మీద కేక వేశాడు. అంతలోనే తనకే నవ్వు ఆగక, పళ్ళెం పక్కకు తోసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కడియం వచ్చింది. అన్నం చల్లారకముందే వచ్చింది.