వేరులంక దరి చేరని పేరంటాలు

గోదావరి పాయ నడుమ, వేరులంకకు ఎదురుగా ఉన్న ఇసుకమేట మీద శ్రీ అచ్చియ్యమ్మ పేరంటాలు కొలువై ఉన్నారు. భక్తులు రేవులో పడవ ఎక్కి పావుగంటలో ఆలయం చేరవచ్చు. వరదల్లో మూడుసార్లు కొట్టుకుపోయిన ఈ గుడిని మూడుసార్లూ లంకవాసులే తిరిగి కట్టించారు.

పూర్వం ఇక్కడ పెద్ద వరద వచ్చినప్పుడు, ఆదుకోమని లంకవారు కబురు పంపారు. తూర్పు గట్టు అధికారులు "మీరు పడమటి వారి కింద" అన్నారు. పడమటి వారు "మీరు తూర్పు వారి కింద" అన్నారు. పదకొండు మంది ఏటిపాలయ్యారు. వరద తీశాక పడవ నడిపే నూకయ్య జనాన్ని కూడగట్టి, "మనల్ని ఎవరూ తమవాళ్ళు అనలేదు. ఇక మనది వేరు దేశం" అని చాటాడు. అందుచేత ఈ లంకకు వేరులంక అనే పేరు వచ్చింది.

ఆ దేశానికి రాజు లేడు. ఏటా ఉగాదికి ఏడుగురిని సభకు ఎన్నుకొనేవారు. ఆ సభలో ఆడవారైనా లేచి మాట్లాడవచ్చు. ఎవరినీ కొట్టరాదు, కట్టివేయరాదు. పెద్ద తప్పుకు శిక్ష ఒక్కటే, ఏరు దాటించడం. అలా దాటినవారు మళ్ళీ లంకలో కాలు పెట్టరాదు. గట్టు మీది సర్కారు మనుషులను పిలుచుకు రావడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఈ చట్టాలన్నీ నూకయ్య చెప్పి రాయించినవే.

నూకయ్యను పెంచి పెద్దచేసిన అక్క అచ్చియ్యమ్మ. లంకలో పురుళ్ళు పోసేది ఆమే. ఒకనాడు సభ్యుడైన గంటయ్య భార్యకు బిడ్డ అడ్డం తిరిగింది. రెండు రోజులు చూసి, ఇక తన వల్ల కాదని అచ్చియ్యమ్మ తానే పడవ వేసుకుపోయి తూర్పు గట్టు నుండి సర్కారు డాక్టరమ్మను తీసుకొచ్చింది. తల్లీబిడ్డలిద్దరూ బతికారు.

మర్నాడు సభ కూడింది. ముగ్గురు క్షమించాలన్నారు, ముగ్గురు దాటించాలన్నారు. దాటించాలన్నవారిలో గంటయ్య ఒకడు. తననూ తప్పులో కలుపుతారేమోనని అతడి భయం. చివరి మాట నూకయ్యది.

"అక్క కోసం చట్టం వంగితే రేపు ఎవరి కోసమైనా వంగుతుంది," అన్నాడు తల ఎత్తకుండా.

"గంటయ్య పిల్ల గుక్కపట్టి ఏడుస్తోందిరా నూకా. ఒక్కసారి వెళ్ళి చూసిరా. ఆ తరువాత ఏ తీర్పు చెప్పినా సరే," అంది అచ్చియ్యమ్మ.

అతడు వెళ్ళలేదు.

తానే పడవ వేసి అక్కను దాటించాడు. గట్టున కావలివారు "మీది వేరు దేశం కదా!" అని నవ్వి ఆమెను దిగనివ్వలేదు. నూకయ్య ఆమెను ఈ మేట మీద దింపి, రేపు మళ్ళీ వచ్చి వారిని బతిమాలుతానని చెప్పి వెళ్ళాడు. మర్నాటికి ఏరు పొంగింది. మేట కనబడలేదు.

మూడో నెలలో అచ్చియ్యమ్మ తమ్ముడి కలలోకి వచ్చి, "నాకు గుడి వద్దు. తీర్పు మార్చి ఇంటికి పిలవండి" అన్నదట. సభ మూడు రోజులు తర్జనభర్జన పడింది. పోయినవారి మీద తీర్పు మార్చడానికి చట్టం లేదని తేల్చి, ఏరు తీశాక బయటపడిన మేట మీద గుడి కట్టించింది. నూకయ్య మేట మీదే పాక వేసుకొని, దీపం పెడుతూ అక్కడే కన్నుమూశాడు.

కాలక్రమంలో ఆ దేశం పోయింది. లంక పంచాయతీలో కలిసింది. నేటికీ మాఘమాసంలో అమ్మ ఉత్సవ విగ్రహాన్ని పడవలో లంక చుట్టూ తిప్పుతారు గాని దరి చేర్చరు. ఆడపడుచులే నడుములోతు నీళ్ళలోకి వచ్చి పసుపు కుంకుమలు సమర్పిస్తారు. అమ్మను కొలిచిన గర్భిణులకు సుఖప్రసవం తప్పదని నమ్మకం. ఒక్కసారైనా తల్లిని లంకలో దింపరాదా అని భక్తులు అడుగుతుంటారు. అందుకు సభవారి అనుమతి కావాలనీ, ఆ సభ ఇప్పుడు లేదనీ పెద్దలు చెబుతారు.