పన్నెండేళ్ళుగా తెలిసిన నడుము

జోగారావు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు అడిగిన ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉంటే అప్పటికప్పుడే చెప్పేవారు. పుస్తకంలో లేనిదైతే తల ఊపి, "ఉండనీ" అని తన పనిలో పడిపోయేవారు. నాలుగు రోజులకో నెలకో, అడిగినవాళ్ళు కూడా మరిచిపోయాక, ఏదో ఒక పనికి వాళ్ళను పిలిచి పక్కన నిలబెట్టుకునేవారు. అదే ఆయన జవాబు. లోవకుమారి అడిగినప్పుడు కూడా అలాగే చేశారు. కాకపోతే ఆ జవాబు ఆయన అనుకున్నట్టు రాలేదు.

అనకాపల్లిలో ఆయన వైద్యశాలలో వెన్నుపూసల వైద్యం నేర్పేవారు. పై దేశాల్లో కైరోప్రాక్టిక్ అంటారు. ఇందులో మందు లేదు, కత్తి లేదు. పట్టేసిన కీలు మీద చెయ్యి ఉంచి, సరైన చోట, సరైన దిశలో ఒక్కసారి నొక్కడమే. చదువు చివరి ఏడాది విద్యార్థులు నిజమైన రోగులను చూడాలి. దానికొక నియమం ఉంది. విద్యార్థి రోగిని అడగవలసినవి అడిగి, పరీక్షించి, ఏం చెయ్యదలచుకున్నదీ కాగితం మీద రాయాలి. అప్పుడు గురువు వచ్చి తానూ చూసి "కానివ్వు" అనాలి. ఆ మాట వినబడందే రోగి వెన్ను మీద బలం పెట్టకూడదు.

లోవకుమారిది తుని దగ్గర పల్లె. తండ్రి లారీ డ్రైవరు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన గడప పట్టుకుని నడుము నిలుపుకోవడం చూస్తూ పెరిగి, ఈ చదువుకు వచ్చింది. ఆ ఏడాది విద్యార్థుల్లో ఆమెది మంచి చెయ్యి అని అందరూ ఒప్పుకున్నారు. ఒకరోజు ఉదయం మెడ పట్టేసిన ఒక దర్జీ ఆవిడ ఆమె దగ్గరికి వచ్చింది. లోవకుమారి అన్నీ చూసి, రాసి, గురువు కోసం ఎదురుచూసింది. మాస్టారు పక్క గదిలో మరొకరితో ఉండిపోయారు. ముప్పావు గంట గడిచింది. దర్జీ ఆవిడ లేచి, "నేర్చుకునే పిల్లల దగ్గరికి రావడం నాదే బుద్ధితక్కువ" అని మెడ పట్టుకునే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం లోవకుమారి మాస్టారి గదిలోకి వెళ్ళి నిలబడింది.

"తొమ్మిది నెలల్లో రెండు వందల మందిని చూశాను మాస్టారూ. ఒక్కసారి కూడా మీరు కాదనలేదు. ఇంకా ఎన్నాళ్ళు నా వెనక ఒకరు నిలబడాలి? నా చేతి మీద మీకు నమ్మకం లేదా?"

"చేతి మీద ఉందమ్మా" అన్నారాయన. తల ఊపి, "ఉండనీ" అన్నారు.

మూడో రోజు ఎర్రినాయుడు వచ్చాడు. బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసే కళాసీ. యాభై దాటిన మనిషి. పన్నెండేళ్ళుగా మాస్టారి రోగి. ఏడాదికి మూడు నాలుగుసార్లు నడుము పట్టేస్తే వచ్చేవాడు. చొక్కా విప్పి, ఎవరూ చెప్పకుండానే బల్ల మీద బోర్లా పడుకునేవాడు. మాస్టారు ఒకటే చోట నొక్కేవారు. లేచి నడుం అటూ ఇటూ తిప్పి చూసుకుని, దండం పెట్టి, తిన్నగా మార్కెట్టుకు పోయేవాడు. వాళ్ళిద్దరి మధ్యా మాటలు కూడా పెద్దగా అవసరపడేవి కావు.

మాస్టారు లోవకుమారిని పిలిచారు. "ఇవాళ నేను విద్యార్థిని. నా వెనక నువ్వు నిలబడు. కానివ్వు అనవలసింది నువ్వే" అని కాగితం ఆమె చేతిలో పెట్టారు. అందులో 'పాత నొప్పి, పాత చోటు' అని మాత్రం ఉంది. ఆ ఒక్క మాట అనడానికి ఎంత బరువు మొయ్యాలో పిల్లకు తెలియాలని ఆయన ఉద్దేశం. అంతకు మించి ఏమీ లేదని ఆయనే తరవాత చెప్పుకున్నారు.

లోవకుమారికి మొదట నవ్వు వచ్చింది. మాస్టారిని తను పరీక్షించడమేమిటి? అయినా మాట అనవలసింది తనే గనక, తొమ్మిది నెలలుగా చేస్తున్నదే చేసింది. స్టూలు లాక్కుని ఎర్రినాయుడి తల దగ్గర కూర్చుని అడగడం మొదలుపెట్టింది.

"పడుకుంటే నొప్పి తగ్గుతుందా, నాయుడు గారూ?"

"ఇదివరకు తగ్గేది. ఇప్పుడు పడుకున్నా ఒదల్లేదు" అన్నాడతను. అని, బల్ల మీదనుంచే తల తిప్పి, "ఇయ్యన్నీ ఎందుకమ్మా? నా నడుం సంగతి బాబుగారికి తెలుసు" అన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి ఒదల్లేదు?"

"దసరా ముందునుంచి."

ఆమె అతని నడుం వైపు చూసింది. మొలతాడు రెండుచోట్ల ముడివేసి కురచ చేసి ఉంది. ఎందుకని అడిగింది. జారిపోతోందని చెప్పాడు. జ్వరం వస్తోందా అని అడిగితే, జ్వరం కాదు, పొద్దు వాలాక ఒళ్ళు వెచ్చబడుతుందంతే, మోత పనిలో అది మామూలే అన్నాడు. ఆమె లేచి వెన్ను మీద పైనుంచి కిందికి, ఒక్కొక్క పూస మీదా పిడికిలితో మెల్లగా తట్టింది. నడుముకు పైన, మాస్టారు ఎప్పుడూ నొక్కే చోటికి జానెడు ఎత్తున ఒక పూస దగ్గర ఎర్రినాయుడి ఒళ్ళంతా బిగిసింది. చెక్కబల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

అప్పటికి మాస్టారు చేతులు కడుక్కుని వచ్చారు. గుమ్మం బయట మరో ఆరుగురు రోగులు కూర్చుని ఉన్నారు. ఎర్రినాయుడు, "బేగి కానివ్వండి బాబూ, రేపు లారీ ఎక్కించాల" అన్నాడు. మాస్టారు నవ్వి, అరచేతులు అతని వెన్ను మీద ఉంచి, లోవకుమారి మాట కోసం ఆగారు.

తనకు తోచింది తప్పయితే గురువుకు రోగి ముందు తలవంపులు. ఒప్పయితే ఇంకా తలవంపులు. కానివ్వు అనడానికి ఒక్క క్షణం చాలు. అందరూ హాయిగా ఇంటికి పోతారు. ఇదంతా ఆమెకు తోచింది. తరవాత తోచింది మాత్రం వేరు: ఆ చేతుల బలం తగిలే ఆ పై పూస గట్టిది కాకపోతే?

"వద్దు మాస్టారూ" అంది.

ఎర్రినాయుడు మోచేతి మీద లేచాడు. "ఈ పిల్లేటి బాబూ, మీకు సెప్తంది?"

మాస్టారు చేతులు వెన్ను మీదనుంచి తీశారు. "ఎందుకు?" అని ఆమెను అడిగారు. పడుకున్నా వదలని నొప్పి, సాయంత్రపు జ్వరం, చిక్కిన ఒళ్ళు, తట్టితే నొప్పెట్టిన పూస, అన్నీ ఆమె చెప్పింది. ఆయన వంగి, ఆమె చూపించిన పూస మీద తానూ తట్టి చూశారు. మొలతాడు ముడులు వేలితో తాకి చూశారు. ఆ తరవాత బల్ల అంచున, రోగి పక్కనే కూర్చుండిపోయారు.

"నాయుడూ, ఈ అమ్మాయి అడిగినవి నేను నిన్నెప్పుడైనా అడిగానా?"

"మీకెందుకు బాబూ అడగడం? మీకు తెలుసు కదా."

"తెలుసనే అనుకున్నాను" అన్నారు మాస్టారు.

ఆ రోజు బయట ఉన్న ఆరుగురినీ మర్నాడు రమ్మని పంపేసి, ఆయనే కారులో ఎర్రినాయుడిని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. దారి పొడుగునా ఎర్రినాయుడు లోవకుమారిని తిడుతూనే ఉన్నాడట. చెరకు గానుగలాడే నెలల్లో ఒక్కరోజు పోయినా తన చోట్లో ఇంకొకడు దూరతాడని అతని బాధ. మాస్టారు అతన్ని వారించలేదు. స్కానింగు తీశారు. వెన్నుపూసకు క్షయ పట్టింది. లోపల ఎముక పుచ్చి, పెంకులా మిగిలింది. ఆ పూట దాని మీద బలం పడి ఉంటే కాళ్ళు రెండూ చచ్చుబడేవని అక్కడి డాక్టరు చెప్పాడు.

ఎర్రినాయుడు ఏడాదికి పైగా మందులు మింగాడు. మొదటి మూడు నెలలూ మంచం మీదే. లోవకుమారి ప్రతి ఆదివారం అతని ఇంటికి వెళ్ళి, నడుముకు పట్టీ ఎలా కట్టాలో అతని భార్యకు చూపించి వచ్చేది. మొదటి రెండు ఆదివారాలూ అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడో ఆదివారం, "టీ ఎట్టే ఆ పిల్లకి" అన్నాడు భార్యతో. జబ్బు నయమయ్యాక మోత పని కుదరలేదు. మార్కెట్టులో కాటా దగ్గర కూర్చునే పని ఇచ్చారు. రోజంతా ఒకచోట కూర్చోవడం తన వల్ల కావడం లేదని సణిగేవాడు గాని, మార్కెట్టుకు తన కాళ్ళ మీదే నడిచి వెళ్ళేవాడు.

అది తరవాతి మాట. విశాఖపట్నం నుంచి వచ్చిన వారానికి లోవకుమారి మాస్టారి గదికి వెళ్ళింది. ఆయన ఆ ప్రశ్నలు అడగకపోవడమూ, ఆ జబ్బు గుర్తు పట్టకపోవడమూ కావాలనే, తనను పరీక్షించడానికేనేమోనన్న చిన్న ఆశ ఆమెకు ఇంకా ఉంది. అడిగితే ఆయన అవుననేస్తే బావుండునని కూడా ఉంది.

గది తలుపు తీసే ఉంది. బీరువా ఖాళీగా ఉంది. పన్నెండేళ్ళ రోగుల కాగితాలు కట్టలు కట్టలుగా నేల మీద పరిచి, మాస్టారు వాటి మధ్య బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. ఒక్కొక్కటీ తీసి, కళ్ళజోడుకు దగ్గరగా పెట్టుకుని చదివి, కొన్నింటిని పక్కకు పెడుతున్నారు. పక్కన పెట్టినవే ఎక్కువగా ఉన్నాయి. లోవకుమారి అడగదలచుకున్నది అడగలేదు.

"ఏం వెతుకుతున్నారు మాస్టారూ?" అంది.

ఆయన తల ఎత్తకుండానే పక్కన కాస్త చోటు చేసి, ఒక కట్ట ఆమె వైపు జరిపారు.

"నేను అడగనివాళ్ళని" అన్నారు.