చిటికెలో అతికిన బూటు

భువనగిరి గుట్ట కింద ఐలేష్ అనే యువకుడు ఉండేవాడు. చేతిలో మంచి పనితనం ఉన్నా, ఓపిక మాత్రం ఆవగింజంత కూడా లేదు. ఏ పని చెప్పినా "ఆలస్యం అమృతం విషం" అంటూ ఉరుకులాడేవాడు. సామెత తెలిస్తే సరిపోతుందా, ఎక్కడ వాడాలో కూడా తెలియాలి కదా!

అతని చెల్లెలు నవనీత బండలెక్కడంలో దిట్ట. హిమాలయాలకు వెళ్లే జట్టుకు ఆదివారం ఆ గుట్ట మీదే ఎంపిక జరగబోతోంది. వయసు లెక్క ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. తీరా గురువారం ఆమె కుడి బూటు అడుగు ఊడి నోరు తెరిచింది.

"అన్నా, జర అతికియ్యవా? నువ్వు చేస్తే నాకు భయముండదు" అంది.

ఐలేష్ చెప్పులు కుట్టే సాయిలు తాత దగ్గరికి వెళ్లాడు. తాత ఒక డబ్బాలో రబ్బరు జిగురు పోసి ఇచ్చాడు. "పాత జిగురంతా గరుకు కాగితంతో గీకు బిడ్డా. రెండు దిక్కులా పల్చగ పూసి, వేలికి అంటనంతగా ఆరనియ్యి. అప్పుడు ఒత్తి, సుత్తెతో కొట్టి, ఒక రోజు గట్టిగ కట్టిపెట్టు" అన్నాడు.

"ఆరినంక ఇంకేం అతుకుతది తాతా?" అని నవ్వాడు ఐలేష్.

"ఈ జిగురు ఆరితేనే అతుకుతది. చిటికెల అతికే జిగురు మాత్రం పెట్టకు. అది గాజు లెక్క గట్టిపడతది, బూటు వంగంగనే పగులుతది."

ఐలేష్ శుక్రవారం గీకడం మొదలుపెట్టాడు. పది నిమిషాలకే విసుగొచ్చి బూటు అవతల పడేశాడు. మళ్లీ గుర్తొచ్చేసరికి శనివారం సాయంత్రమైంది. ఒక రోజు ఆగాలంటే రోజెక్కడిది? దుకాణానికి పరుగెత్తి, తాత వద్దన్న జిగురే తెచ్చి నాలుగు చుక్కలు వేశాడు. నిమిషంలో అతుక్కుంది. లాగి చూశాడు, రాలేదు. ఉడుంపట్టే అనుకున్నాడు.

"తాత చెప్పినట్టే చేసినవా అన్నా?" అని అడిగింది నవనీత.

"ఆఁ, అచ్చం అట్లనే" అన్నాడు. అయ్యో, ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

ఆదివారం నవనీత సగం బండ ఎక్కేసింది. చిన్న పగులులో కుడికాలి మునివేళ్లు ఆనించి బరువు మోపింది. బూటు వంగింది, అతుకు టప్పున విరిగింది. కాలు జారి ఆమె బండకు కొట్టుకుంది. నడుముకున్న తాడు ప్రాణం కాపాడింది గానీ చీలమండ విరిగింది. ఎంపిక ఆమె లేకుండానే ముగిసింది.

ఆసుపత్రిలో ఐలేష్ తలెత్తలేకపోయాడు. నవనీతే మెల్లగా అంది: "అన్నా, సాయిలు తాతను ఏమనకు. ముసలాయన, జిగురు పాతదైందేమో."

ఆ మాటకు ఐలేష్ గుండె చెరువైంది. ఏడుస్తూ జరిగిందంతా చెప్పేశాడు. నవనీత కట్టు కట్టిన కాలి మీదికి దుప్పటి లాక్కుంది.

"కాలేదని చెప్తే అయిపోయేది కదన్నా" అంది. "దోస్తు బూట్లన్నా అడిగి తెచ్చుకునేదాన్ని."

ఆ ఏడాది జట్టు కొండలెక్కిన రోజున నవనీత ఇంట్లోనే ఉండిపోయింది.

అందుకే, పని కాకపోతే కాలేదని ఒప్పుకోవాలి. మనల్ని నమ్మినవాళ్లకు అయిందని అబద్ధం చెప్పకూడదు.