రానివాళ్ళ సభ

నెమలిగట్టు రాజు మల్లభూపతికి ఆ వేసవిలో ఒక వింత కోరిక పుట్టింది. ఏటిగట్టు బలహీనపడింది, పది రోజుల్లో వానలు. ఏ వీధివాళ్ళు ఎంత మేర మట్టి పొయ్యాలో జనమే సభలో కూర్చుని తేల్చుకోవాలన్నాడు.

మూడుసార్లు దండోరా వేయించాడు. మూడుసార్లూ సభకు రాజుగారు, దండోరా వేసినవాడు, ఒక మేక వచ్చారు. మేక మధ్యలో వెళ్ళిపోయింది.

ఊరివాళ్ళు సోమరులని కాదు. పక్కింటి సంగతులు తెలుసుకోవడానికి కోడికన్నా ముందే లేస్తారు.

"ఇంటికో కొరడా దెబ్బ వేయిస్తే వాళ్ళే వస్తారు ప్రభూ," అన్నాడు దండనాయకుడు భైరవరాయుడు.

"వీపు వాచినవాడు తట్ట మొయ్యలేడండీ," అన్నాడు ఆస్థాన హాస్యగాడు కూచన్న. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఒక్క చాటింపుతో నేను రప్పిస్తాను," అని కూడా అన్నాడు. కూచన్న నోటికి కూచన్నను సంప్రదించే అలవాటు లేదు.

"రాకపోతే గట్టంతా నువ్వొక్కడివే పొయ్యాలి," అన్నాడు రాయుడు.

రాజు సరేనన్నాడు. గంధపు గిన్నెకన్నా బరువైనది ఎన్నడూ ఎత్తని కూచన్నకు అప్పుడే నడుం నొప్పి మొదలైంది.

మర్నాడు దండోరా మోగింది.

"సోమవారం సభ. ఇష్టం లేనివాళ్ళు రానక్కర్లేదు. వచ్చినవాళ్ళు రానివాళ్ళ గురించి మాట్లాడుకుంటారు."

సోమవారం పొద్దెక్కేసరికి సభలో కాలు పెట్టే చోటు లేదు. జ్వరమొచ్చిన శెట్టిని నులకమంచంతో సహా మోసుకొచ్చారు. ఏడాదిగా మాటల్లేని తోడికోడళ్ళు ఒకరినొకరు కనిపెట్టుకుని కూర్చున్నారు.

అందరూ ఎదురుగానే ఉండేసరికి ఆడిపోసుకోవడానికి ఎవరూ దొరకలేదు. చేసేది లేక గట్టు గురించి మాట్లాడారు. గంటలో వీధుల వాటాలన్నీ తేలిపోయాయి. గండి పడబోయే చోటు ఒక్కటే మిగిలింది. అక్కడ మోకాలి లోతు బురద.

"అవునూ, దండనాయకుడుగారు కనబడరేం?" అంది పూలమ్మే వీరమ్మ.

సభకు ప్రాణం లేచొచ్చింది.

జనంతో కూర్చోవడం తనకు తక్కువని ఇంట్లో ఉండిపోయిన రాయుడు, కాసేపటికి ఆ కబురు చెవిన పడి, తలపాగా చేత్తో పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"నా గురించి ఏమంటున్నారు?"

"చెడ్డగా ఏమీ లేదండీ. ఆ బురద మీ వాటాకు రాశారు," అన్నాడు కూచన్న.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈ ఉపాయం నీకెలా తట్టిందిరా?"

"ఆ మూడు సభలకూ నేనూ రాలేదు కదా ప్రభూ. నన్నయితే మంచం మీంచి ఏది లేపుతుందా అని చూసుకున్నానంతే."

సభంతా గొల్లుమంది. తమకు ఆ జబ్బు లేదని మాత్రం ఎవరూ అనలేదు. రాజు తన ముత్యాలహారం తీసి కూచన్న మెడలో వేశాడు.