నిండుకున్న గని

అనగనగా, చినుకు కోసం మొగం పైకెత్తి బతికే ఒక సీమ. ఎటు చూసినా ఇసుక. ఆ ఇసుకలో ఎక్కడో ఒక బంగారు గని. దాని దారి ఒక్క సుంకులక్కకే తెలుసు.

సుంకులక్క ఒంటిమనిషి. గనిమట్టి మోసుకొచ్చి, చెక్క మరిగెలో కడిగి, గోరంత బంగారు రజను తీసేది. అదిచ్చి జొన్నలు తెచ్చుకునేది. బంగారం తీసే మనిషికి చిరుగుల కోక ఏమిటని ఊరికి అనుమానం. అనుమానానికి ఎవరూ అన్నం పెట్టనక్కర్లేదు, దానంతటదే బలుస్తుంది.

ఒకనాడు గనిలో రజను అయిపోయింది. గాలి లేచి దారీ పూడిపోయింది. సుంకులక్క ఉత్త మరిగెతో తిరిగొచ్చింది.

ఊరి రెడ్డి అడిగాడు. "సుంకులా, గని ఎట్లుండాది?"

"నిండుకునింది రెడ్డీ."

నిండుగా ఉందన్నమాట! రెడ్డి కళ్లు మెరిశాయి.

సెట్టి అడిగాడు.

"నిండుకునింది సెట్టీ."

సెట్టికి తిన్నది అరగలేదు.

రాజుగారి మనిషి గుర్రమెక్కి వచ్చి అడిగాడు.

"నిండుకునింది సామీ."

"అయితే చూపించు!"

"నిండుకునినాక చూపేదేముంది సామీ?"

ఎంత పొగరన్నారు. ఏడిస్తే నటన అన్నారు. ఊరుకుంటే గుట్టు అన్నారు.

"సరిగ్గా చెప్పు" అని గద్దించాడు రాజుగారి మనిషి.

"నాకు అన్నం పెట్టిన తల్లి సామీ అది. ఇంకో మాట నా నోట రాదు."

"ఒట్టేసుకునిందిరో!" అన్నాడు సెట్టి.

గని చూపేదాకా ఆమెకు బాయి నీళ్లు ఇవ్వొద్దని ఆజ్ఞ అయింది. ఇంకో బాయికి మూడు రోజుల నడక. ఊరు ఊరంతా కాపలా కాసింది. మొదటి రోజు కడవతో వచ్చింది, పొమ్మన్నారు. రెండో రోజు చెంబుతో వచ్చింది, పొమ్మన్నారు. మూడో రోజు దోసిలి పట్టింది. "అంత బంగారం పెట్టుకొని నీళ్లకేడుస్తాదే!" అని నవ్వారు.

నాలుగోనాటి పొద్దున రెడ్డి పెళ్లాం వంటింట్లోంచి కేకేసింది. "ఏమయ్యో, జొన్నలు నిండుకునినాయి!"

రెడ్డి సంచీ తీసుకొని అంగడికి బయల్దేరాడు. గడప దగ్గర కాలు ఆగిపోయింది. జొన్నల దగ్గర ఆ మాట చిన్నప్పటి నుంచీ తెలుసు. బంగారం అనేసరికి పాపిష్టివాడు తెలుగే మరిచిపోయాడు!

సంచీ పారేసి బాయికి పరిగెత్తాడు. కడవ నింపుకొని గుడిసెకు పరిగెత్తాడు. సుంకులక్క నోరు తెరిచే ఉంది. పోసిన నీళ్లు చెంపల మీదుగా జారి ఇసుకలో ఇంకిపోయాయి.

ఈనాటికీ ఆ ఊళ్లో 'నిండుకుంది' అనే మాట లేదు. ఉప్పయినా జొన్నలైనా "లేవు" అనే అంటారు. కొత్త కోడళ్లు అపశకునమని బుగ్గలు నొక్కుకుంటే, "అంతకన్నా పెద్దదే చేసుకున్నాంలే తల్లీ" అంటారు అత్తలు. బాయిలో తోడిన మొదటి చేద ఇసుకలో పోసి, "తాగు సుంకులక్కా" అంటారు.

గని కోసం తవ్వేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. చచ్చినా చెప్పలేదంటే ఉండే ఉంటుందని వాళ్ల అనుమానం. దాహమేసి వాళ్లు బాయి దగ్గరికొస్తే, ఆ ఊరివాళ్లు ముందు నీళ్లు పోస్తారు. ఎవరు, ఎందుకొచ్చారని అడగరు.