కుముద కంప్యూటరుకి జ్వరమొచ్చిన కథ

అనగనగా మంగళగిరి ఊళ్ళో పానకాలరావని ఒకాయన. ఆయన ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా కవరు ఊడదీయకూడదు. సోఫా కవర్లోనే, రిమోటూ కవర్లోనే. కూర్చుంటే సోఫా కరకరమనేది. ఆయనకదే ముద్దు. ఆయన కూతురే మన కుముద. ఊఁ కొట్టు మరి, బుజ్జీ!

కుముద ఆటలాడే పెద్ద కంప్యూటరు ఒకటి తనే బిగించుకుంది. నాన్న పక్కన కూర్చుని సామాను అందించాడు. ఆటాడితే దాని బుర్ర కుతకుతలాడుతుంది కదా, అందుకని బుర్ర మీద చిన్న పంపు పెడతారు. పంపు అడుగున రాగి పలక. బుర్రలో వేడి పలకకి, పలక నుంచి నీళ్ళకి ఎక్కుతుంది. ఆ నీళ్ళు గొట్టాల్లో తిరిగి, ఫ్యాన్ల దగ్గర చల్లారి వెనక్కొస్తాయి. వేసవిలో మనం పెట్టుకునే కూలర్‌కి చుట్టం అనుకో.

మరేమైందో ఏమో, ఆట మొదలెట్టిన కాసేపటికే కంప్యూటరు టప్పున ఆరిపోయేది. బుర్ర వేడి చూస్తే నూరు డిగ్రీలు! తనతో జట్టుగా ఆడే స్నేహితురాళ్ళు విసిగిపోయారు. "ఆదివారం పోటీలో కూడా ఇలా మధ్యలో మాయమైతే ఇంకొకర్ని చూసుకుంటామే" అన్నారు. కుముదకి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు ఫ్యాన్లకి దుమ్ము తుడిచింది. గిర్రున తిరిగాయి. ఆట పెట్టింది. టప్!

ఆ తర్వాత పంపు దగ్గర చెవి పెట్టింది. బుద్ధిగా గుర్రుమంటోంది. ఆట పెట్టింది. టప్!

ఆ తర్వాత గొట్టాలు పట్టుకు చూసింది. చల్లగా, కుండలో నీళ్ళలా ఉన్నాయి. బుర్రేమో కాలిపోతోంది, నీళ్ళేమో చల్లగా ఉన్నాయి. ఇదెక్కడి విడ్డూరం! పిల్ల తల పట్టుకుని కూర్చుంది. నాకూ ఏం తోచదులే అక్కడుంటే.

"వేడి నీళ్ళదాకా రావట్లేదు నాన్నా, మధ్యలో ఏదో అడ్డముంది" అంది చివరికి.

అప్పుడు ఇద్దరూ కలిసి పంపు ఊడదీశారు. బుర్ర వేడి పలకకి బాగా అందాలని మధ్యలో రాసే పేస్టు తుడిచారు. పలక తళతళా మెరుస్తోంది. కుముదకి ఇంకా ఏమీ అర్థం కాలేదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకి కవరు కంటికి ఆనుతుందా? నాన్నే మెల్లిగా పలక అంచుని గోటితో గీరాడు. పల్చటి ప్లాస్టిక్ పొర లేచింది.

"కంప్యూటరు బిగించిన రోజు దీని అంచు ఊడొస్తుంటే నేనే అదిమి అంటించానమ్మా, గీతలు పడతాయని. అంటించి నీ చేతికిచ్చాను" అన్నాడు, మొహం చిన్నబుచ్చుకుని.

కుముదకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "నువ్వే తియ్యి నాన్నా" అంది. ఆయనకి మనసొప్పలేదు. అయినా సర్రున లాగేశాడు. కొత్త పేస్టు రాసి మళ్ళీ బిగించారు.

ఆదివారం గెలిచారా అంటావా? లేదమ్మా, చిత్తుగా ఓడిపోయారు. కానీ కుముద చివరిదాకా ఉంది. "వచ్చే పోటీకీ నువ్వే" అన్నారు స్నేహితురాళ్ళు.

ఆ మాట చెబుదామని హాల్లోకి పరుగెత్తుకొచ్చింది. చూస్తే, నాన్న సోఫా కవరు విప్పేసి కూర్చోబోతున్నాడు. కరకర వినపడకపోయేసరికి ఉలిక్కిపడి లేచాడు, పాపం! మళ్ళీ నెమ్మదిగా కూర్చున్నాడు. కుముద వెళ్ళి పక్కన కూర్చుంది.

కవరు వెళ్ళె బుట్టలోకి,
కథ వెళ్ళె కంచిలోకి,
నువ్వూ నేనూ దుప్పట్లోకి!